తానాల అర్ర

నీళ్లు చల్లిన కొత్త సిమెంటు వాసన రెండు రోజులుగా ఇంటి నిండా ఉంది. నిజామాబాదులోని మా ఇంట్లో స్నానాల గదిని పగలగొట్టి మళ్లీ కడుతున్నారు. నేల బండలకు పాలరాతి రంగు బాగుంటుందా, బూడిద రంగు బాగుంటుందా అని మా కోడలు ఫోనులో బొమ్మలు చూపిస్తూ అడుగుతోంది. ఏదో ఒకటి చెప్పాను గాని, నా మనసు అప్పటికే బోధన్ పక్కన ఉన్న మా ఊరికి, నేను మూడో తరగతి చదివిన ఏడాదికి వెళ్లిపోయింది.

మా ఇల్లు ఊరి చివర ఉండేది. పెరటి వెనక మా చెరుకు తోట, తోట దాటితే షక్కర్ ఫ్యాక్టరీకి పోయే బండ్ల బాట. వానాకాలమంతా చెరుకు మనిషికి రెండింతలు ఎత్తు పెరిగి, గాలి వీచినప్పుడల్లా గరగరమంటూ పెరటికి పచ్చటి గోడలా నిలబడేది. ఆ చాటున, బావి పక్కన పరిచిన బండ మీద, మూడు వైపులా కట్టిన తాటాకు తడకల మధ్య మా ఇంటి ఆడవాళ్లు స్నానాలు చేసేవాళ్లు. పొయ్యి మీద రాగి కాగులో నీళ్లు మసులుతుంటే, కుంకుడుకాయల నురుగూ సున్నిపిండి వాసనా చెరుకాకు పొగలో కలిసి వచ్చేవి. బతుకమ్మ రోజుల్లోనైతే పెరడంతా తంగేడు పూల కుప్పలు, వంటింట్లో రొట్టె, బెల్లం కలిపి అవ్వ ముద్దలు కట్టే మలీద తీపి, నాయినమ్మ కాల్చే చుట్ట ఘాటు. అవ్వ అంటే మా అమ్మ. మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం, నాన్నను బాపు అంటాం.

దీపావళి దాటగానే ఫ్యాక్టరీ కూత వేసేది. ఊరి మీద బెల్లప్పాకం మాడినట్టు ఒక మడ్డి వాసన కమ్ముకునేది. పిల్లలకు పండగే పండగ. కదిలే బండ్ల వెంట పరుగెత్తి గడలు లాగడం, పళ్లతో చెక్కు చీల్చి నమలడం, పెదవుల చివర్లు కోసుకుపోయినా మానకపోవడం. కాని చెరుకు నరికిన రోజున మా పెరడు బట్టబయలయ్యేది. బాట మీద బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉండేవి. గడల మోపుల మీద కూర్చున్న వాళ్ల కళ్లకు మా తడకలు ఏపాటి అడ్డు? అందుకే ఆ మూడు నాలుగు నెలలు ఆడవాళ్లు కోడి కూయకముందే లేచి, చలికి పళ్లు టకటకలాడుతుంటే నాలుగు చెంబులు పోసుకుని లోపలికి వచ్చేవాళ్లు. అదేమిటని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు మా అక్క పెద్దమనిషయింది. చెరుకు నరికిన మర్నాడు, ఆ సంగతి మరిచి, తెల్లారినాక తలస్నానానికి కూర్చుంది. బాట మీంచి ఎవరో ఈల వేశారు. ఇంకెవరో ఏదో అన్నారు, నలుగురు నవ్వారు. అక్క తల నిండా కుంకుడు నురుగుతో, ఒంటికి అతుక్కున్న తడిబట్టతో ఇంట్లోకి పరుగెత్తి వచ్చి, వడ్ల గుమ్మి వెనక ముడుచుకుంది. ఆ తర్వాత బడికి పోలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు.

సాయంత్రం బాపు తలరుమాలు విప్పి అరుగు మీద కూర్చోగానే అవ్వ ఎదురుగా నిలబడింది.

"పెరట్ల నాలుగు గోడలు లేవాలె. తానాల అర్ర గావాలె. తలుపుకు ఆ టేకు పలకలు దియ్యాలె."

సిరికొండ వైపు నుంచి తెప్పించిన ఆ పలకలు బాపు కొత్త బండి కోసం దాచుకున్నవి. రోజుకొకసారి చేత్తో నిమిరి చూసుకునేవాడు.

"చెరుకు తోలే దినాలల్ల కట్టుడు పని ఎవడన్న వెట్టుకుంటడా? అయినంక సూద్దాం తియ్యి" అన్నాడు బాపు.

నాయినమ్మ చుట్ట పక్కకు తీసి, "మేమందరం గట్లనే చేసినం గదనే, సచ్చినమా?" అంది.

"సావలేదత్తా. సిగ్గుతోని బతికినం" అంది అవ్వ. వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దెక్కినాక అవ్వ కాగు కింద మంట వేసింది. అక్కను చేయి పట్టి పెరట్లోకి తీసుకుపోయి బండ మీద కూర్చోబెట్టి, బాట వైపు తిరిగి, పెద్ద గొంగడి రెండు చేతులా చాపి పట్టుకుని నిలబడింది. అక్క ఏడుస్తూనే స్నానం చేసింది. బండ్ల మీది వాళ్లు చూశారు. అవ్వ కూడా రెప్ప వేయకుండా వాళ్లనే చూసింది. ఆ రోజు నుంచి అదే పని. ఎంతసేపైనా గొంగడి దిగేది కాదు. "ఊరంత నవ్వుతున్నది" అని నాయినమ్మ గొణిగితే, "నవ్వనియ్యి" అనేది.

కొన్నాళ్లకు, దూరపు చేనులో మిగిలిన చెరుకుతో మా బండి కూడా ఆ వరుసలోకి వచ్చింది. బాపు మోపు మీద కూర్చుని ఉన్నాడు. ఎద్దులు సరిగ్గా మా పెరటి వెనకే ఆగాయి. అంత ఎత్తు మీంచి ఆయన తన పెరటిని ఎప్పుడూ పరికించి చూడలేదు కాబోలు. ఎండలో గొంగడి చాపి నిలబడ్డ భార్య, దాని వెనక తల వంచుకుని కూర్చున్న బిడ్డ కనబడ్డారు. సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అటకెక్కి టేకు పలకలు ఒక్కొక్కటే దించాడు.

"బండి మీదికెల్లి అంత కనవడ్తది" అన్నాడు అవ్వతో, తల ఎత్తకుండా.

ఇటుకలు, సున్నం ఊళ్లోనే దొరికాయి. నేల మీది బండల కోసం అందరం బస్సెక్కి నిజామాబాదు వెళ్లాం. దుకాణదారు మెరిసే బండలు వరసగా నిలబెట్టి, "గిది సూడుండ్రి, మొకం కనవడ్తది" అన్నాడు. అవ్వ ఆ బండను కింద పరిపించి, చెంబుతో నీళ్లు పోసి, చెప్పులు విడిచి ఎక్కింది. కాలు సర్రున జారింది.

"మొకం సూసుకునేతందుకు అద్దమున్నది. ఇంట్ల ముసలామె ఉన్నది, గరుకుది సూపియ్యి."

గరుకువాటిలో నల్లవి, పసుపుపచ్చవి ఉన్నాయి. నల్లదైతే మాపు కనబడదని బాపు అన్నాడు. అవ్వ అక్క వైపు తిరిగింది.

"గది నీ అర్ర బిడ్డా. నువ్వు జెప్పు."

అక్క చాలాసేపు చూసింది. "పచ్చది" అంది. అన్నాళ్ల మౌనం తర్వాత మేం విన్న మొదటి మాట అది. బాపు ఇంక నల్లవాటి ఊసెత్తలేదు.

మేస్త్రి అలవాటు చొప్పున గోడను భుజాల ఎత్తుకు లేపి ఆపాడు. బాపు చెరుకు మోపు కట్టిన బండిని బాట మీదికి తోలించి, మోపు మీదెక్కి నిలబడి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశాడు. "ఇంక లేపు!" అని అరిచాడు. ఇంకా కొన్ని వరుసలు లేచాయి. "ఇంక!" అన్నాడు మళ్లీ. లోపల నిలబడ్డ అవ్వ ఆయనకు కనబడనంత వరకు గోడ లేస్తూనే ఉంది.

లోపలి గొళ్లెం బిగించిన రోజు మొదటి స్నానం అక్కదే. కాగు మొత్తం ఖాళీ చేసి గాని బయటికి రాలేదు. ఆ తర్వాత నాయినమ్మ వెళ్లింది. గోడ పట్టుకుని మెల్లగా అడుగు వేసి, పాదంతో బండను రాసి చూసి, "జారుత లేదే" అంది, ఎవరో తనను మోసం చేశారన్నట్టు. అందరి తర్వాత, నడి మధ్యాహ్నం అవ్వ వెళ్లింది. బయటికి వచ్చి పెరట్లో మంచం మీద కూర్చుని, జుట్టు విప్పి ఎండకు ఆరబెట్టుకుంది. చెరుకు లేని కాలంలో అవ్వ తడి జుట్టు మీద ఎండ పడడం నేను చూడడం అదే మొదలు. బాట మీద బండ్లు వరసగా పోతూనే ఉన్నాయి. ఆమె అటు తిరిగి కూడా చూడలేదు. మరుసటి సోమవారం అక్క పుస్తకాల సంచి తగిలించుకుని బడికి వెళ్లింది.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ కూత లేదు. తోటల చోట వరి, పసుపు వేస్తున్నారు. బండ్ల బాట తారు రోడ్డయింది. మా పిల్లలకు మడ్డి వాసన అంటే ఏమిటో తెలియదు. అవ్వ, బాపు పోయాక వాటాల్లో ఆ పెరడు చేతులు మారి, అర్రను కూల్చేశారు. మొన్న అటు వెళ్లినప్పుడు, అది ఎక్కడుండేదో అక్కా నేనూ చాలాసేపు వెతుక్కున్నాం. అక్క ఇక్కడంటుంది, నేను అక్కడంటాను. గుర్తు చెప్పడానికి బావి కూడా లేదు. ఇద్దరం ఎండలో నిలబడి, చిన్నప్పటిలా వాదించుకుని, ఎవరి మాటా నెగ్గకుండానే బస్సెక్కాం.