చక్రం సందులో చెయ్యి

కొత్త టైర్ల రబ్బరు వాసన కొందరికి తలనొప్పి తెస్తుందట. నాకు మాత్రం ఆ వాసన తగలగానే సరోజినీ టీచరు గారు పక్కన నిలబడి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకుని, "కింద గ్రీజుందే గుంటా, సూసుకు నడు" అంటున్నట్టే ఉంటుంది. మొన్న ఆదివారం కాశీబుగ్గలో లోకనాథం గారి టైర్ల షాపులో అడుగు పెట్టినప్పుడూ అదే జరిగింది. ఆమె కారు ఇప్పుడు నా దగ్గర ఉంది. దాని నాలుగు అలాయ్ చక్రాలూ ఆమె ఏరి కొన్నవే. సముద్రపు గాలిలోని ఉప్పు తిని వాటి అంచులు గరుకెక్కాయి. టైరు సరిగ్గా పట్టక, ఇవాళ గాలి కొట్టిస్తే రేపటికి దిగిపోతోంది. రోజూ ఆ కారులోనే హైవే మీద టెక్కలి ఆఫీసుకు వెళ్ళి వస్తాను. "ఇంక ఈటిని నమ్మకండి మేడం" అని లోకనాథం గారు ఎప్పుడో తేల్చేశారు. మార్చక తప్పదని తెలిసీ నెలల తరబడి నాన్చాను. ఆమె ముచ్చటపడి ఎంచుకున్నది ఆ కారులో ఇంకేమీ మిగలదని నా బెంగ. ఆ బెంగ చూడలేకనే కాబోలు, ఆయన బరంపురంలో ఎక్కడో వెతికించి అచ్చం పాత డిజైను చక్రాలే తెప్పించారు. వాటి పక్కనే, అయిదే అయిదు స్పోకులున్న సాదా చక్రాలు కూడా పెట్టి ఉంచారు. "ఏవి ఎక్కించమంటారు?" అని అడిగితే రెండింటి మధ్యా స్టూలు వేసుకుని కూర్చున్నాను.

టీచరు గారిని ఎరగని వాళ్ళకు ఆమె గురించి చెప్పడం కొంచెం కష్టం. టెక్కలి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవారు. కాశీబుగ్గలో మా పక్క వాటాలో ఒక్కరే ఉండేవారు. బళ్ళో అంతా పుస్తకం భాష, ఇంటికొచ్చి కారు తాళం చేతిలోకి తీసుకున్నారంటే మాత్రం తన ఊరి యాసతో పూర్తిగా వజ్రపుకొత్తూరు మనిషి. ఆ రోజుల్లో మా వీధిలో కారు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కరే. కారు వీధి మలుపు తిరిగితే అరుగుల మీద వాళ్ళు మాటలాపి మరీ చూసేవారు. నేను డిగ్రీ అయిపోయి, పరీక్షలు రాస్తున్నానని పేరు చెప్పి ఇంట్లో కూర్చునేదాన్ని. ఒకనాడు గోడ మీంచి తొంగిచూసి, "ఏటే, ఈగలు తోల్తన్నావా? రా, బండి నేర్పుతాను" అన్నారు. నాకు భయమని చెప్పాను. "బయం నాకూ ఉన్నాది. డబ్బిచ్చి కొన్న బండి నాది గదా" అన్నారు. మా అమ్మ నవ్వేసింది. ఆ నవ్వునే ఒప్పుకోలుగా తీసుకుని నన్ను బండెక్కించారు.

ఉద్దానంలో కొబ్బరి తోటల మధ్య సన్నటి దారుల్లో నేర్చుకున్నాను. ఎదురుగా ఆటో వస్తే నా ప్రాణాలు అరచేతిలోకి వచ్చేవి. ఆమె మాత్రం కిటికీలోంచి జీడితోటల వంక చూస్తూ కూనిరాగం తీసేవారు. స్టీరింగు మీద ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు. అక్కుపల్లి సముద్రం దగ్గర ఒకసారి ధైర్యం ఎక్కువై బండిని ఇసకలోకి దించాను. తిప్పుకుని గట్టు వైపు వస్తుంటే ముందు చక్రాలు కూరుకుపోయాయి. కంగారులో యాక్సిలరేటర్ని కసిగా తొక్కేసరికి ఇంకా లోతుకు దిగాయి. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. "ఓలమ్మోలమ్మ, తొక్కీకండి! అలగ తొక్కితే నీళ్ళు తగిల్దాక దిగిపోతాది" అంటూ ఎండు కొబ్బరి మట్టలు తెచ్చి చక్రాల కింద పరిచారు. నేను తలుపు తీసి దిగబోయాను, టీచరు గారు నడపాలి కదా అని. ఆమె చెప్పులు విప్పి, వాళ్ళతో కలిసి బండి వెనక్కి నడుస్తూ, "ఎక్కడికే? దించినదానివి నువ్వు, తీసేదానివీ నువ్వే. మేం తోస్తాం" అన్నారు. మట్టలు పటపటమని విరిగాయి, బండి ఊగింది, గట్టు మీదికొచ్చి పడింది. అద్దంలో చూస్తే ఆమె ఒళ్ళంతా ఇసకే, చిన్నపిల్లలా చప్పట్లు కొడుతున్నారు. నేను చేసిన తప్పుకు నన్ను తిట్టని మనిషిని అంతవరకు చూడలేదు. తర్వాత ఆఫీసులో చేరాక ఎన్ని చిక్కుల్లో పడ్డా, ఆ గొంతే వెనకనుంచి తోస్తున్నట్టు ఉండేది.

అప్పటికి ఆ కారుకు మామూలు ఇనప చక్రాలే. సముద్రపు గాలికి తుప్పు పట్టేవి. వాటి మీది ప్లాస్టిక్ మూతలు గుంతల్లో ఒక్కొక్కటీ ఎగిరిపోయాయి. ఒక మూత పూండి దగ్గర ఎవరింటి ముందో నీళ్ళ గోలెం మీద కనిపించింది. నేను దిగి అడుగుతానంటే వద్దన్నారు. "గోలేనికి సరిగ్గా సరిపోనాది, సూడు. దానికి అక్కడే పనున్నాది" అన్నారు. రిటైరవడానికి ఎన్నాళ్ళో లేదనగా, అలాయ్ చక్రాలు వేయిస్తానని ప్రకటించారు. వీధి వీధంతా నవ్వింది. మా నాన్న కూడా ఊరుకోలేదు. "ఏటి టీచరు గారూ, ఈ వయసులో ఈ సోకేటి?" అన్నాడు. "సోకు నాకు గాదు బాబూ, బండికి. అది పడుసుదే గదా" అని ఆమె తడుముకోకుండా అన్నారు.

అలా మొదటిసారి ఇదే షాపుకు వచ్చాం. లోకనాథం గారు ముందు పెద్ద సైజువి, తళతళలాడేవి చూపించారు. పెద్ద చక్రం వేస్తే టైరు పలచనవుతుందని, ఉద్దానం గుంతల్లో నడుం విరుగుతుందని మాట్లాడుకుని ఆయనా టీచరు గారూ వాటిని పక్కన పెట్టారు. నట్ల మధ్య దూరం, నడిమి కన్నం కారుకు సరిపోయే రకాలు వరసగా గోడకు ఆనించారు. టీచరు గారు వాటి రంగు చూడలేదు, మెరుపు చూడలేదు. నేల మీద గొంతుక్కూర్చుని గాజులు పైకి తోసుకుని, ఒక్కో చక్రం స్పోకుల మధ్యనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, వెనక వైపంతా తడిమారు. "కడగడానికి బ్రష్షులుంటాయమ్మా" అన్నారాయన నవ్వాపుకుంటూ. "బ్రష్షుకేటి తెలుస్తాది నాయనా? ఉప్పు పేరుకున్నాదో, పగులొచ్చినాదో సేతి ఏళ్ళకే తెలుస్తాది" అన్నారు. చివరికి చామంతి పువ్వులా సన్నసన్నటి స్పోకులు దగ్గరదగ్గరగా ఉన్న డిజైను నచ్చింది. ఇరుకే, కానీ ఆమె చెయ్యి చిన్నది, సులువుగా వెళ్ళింది. "ఇయ్యే" అన్నారు. ఆ క్షణంలో ఆమె మొహంలో కనిపించిన ఆనందం ఇప్పటికీ నా కళ్ళల్లోనే ఉంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వాకిట్లో చక్రాల స్నానం. బకెట్టు, సబ్బు, ఆమె పాత నూలు చీరలోంచి చింపిన గుడ్డలు. నా చెయ్యి ఆ సందుల్లో దూరేది కాదు. "అయి సేతులా, అట్లకాడలా?" అని ఆటపట్టించేవారు. అందుకని స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పేసి, ముందు చక్రం బయటికి తిరిగాక, నేను దాని వెనకనుంచి చెయ్యి పెట్టేదాన్ని. ఆమె ముందునుంచి స్పోకుల మధ్యగా పెట్టేవారు. ఒకరికొకరం కనిపించేవాళ్ళం కాదు. చక్రం లోపల, నురగలో, మా వేళ్ళు తగిలేవి. ఆమె నా వేలు పట్టుకుని గుంజి, "దొంగ దొరికినాది" అనేవారు. ఆ మాటకు ప్రతిసారీ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆదివారాలు వస్తే ఆ మాట కోసం మనసు కొట్టుకుంటుంది.

మా వైపు ఇంటింటికీ తెలిసిన కిడ్నీ జబ్బే ఆమెకూ వచ్చింది. పలాసలో డయాలసిస్ మొదలైంది. తీసుకెళ్ళడం, తీసుకురావడం నా పని. ఎడమ చేతి నరాలు సన్నంగా ఉన్నాయని కుడి చేతికే చిన్న ఆపరేషన్ చేసి, డయాలసిస్ సూదులు గుచ్చడానికి దారి పెట్టారు. ఆ చేతికి ఏదీ ఒరుసుకోకూడదు, దెబ్బ తగలకూడదు అన్నారు. కింద కూర్చుని లేచే ఓపిక ఎలాగూ పోయింది. ఆదివారాలు ఆమె కుర్చీలో, నేను బకెట్టుతో. ముందు చక్రాలైతే ఏదో కొంత కడిగేదాన్ని, వెనక చక్రాల లోపలికి నా చెయ్యి వెళ్ళే దారే లేదు. బ్రష్షుతో తోమినా మూలల్లో ఉప్పు మిగిలిపోయేది. చక్రాలు పాడవడం మొదలైంది అప్పుడే.

ఒకరోజు ఆమె బ్రష్షుతో నా తంటాలు చూసి, "నాదే తప్పే గుంటా" అన్నారు. ఏమిటని అడిగాను. "కొనీనాడు నా సెయ్యొక్కటే ఎట్టి సూసినాను. నాను గాక ఇంకెవులైనా కడుగుతారన్న ద్యాసే నాకు నేదు. ఈసారి మార్సినప్పుడు నీ సెయ్యి ఎట్టి సూడు. కడిగేవోళ్ళ సెయ్యే కొలత." నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. "ఈసారీ మీరే వచ్చి ఎంచండి, నేనేం ఎంచను" అని గట్టిగా అన్నాను. ఆమె ఎడమ చేత్తో కొంగులోంచి తాళం తీసి, నా తడి చేతిలో పెట్టి, "అలాగే లే" అన్నారు. ఆ తాళం మళ్ళీ తీసుకోలేదు. ఆ వర్షాకాలం దాటకుండానే వెళ్ళిపోయారు.

"పాత డిజైనే గదా మేడం?" అని లోకనాథం గారు ఆ చామంతి చక్రాన్ని నా ముందుకు దొర్లించారు. మొన్న ఆ షాపు నేల మీద, ఆమె కూర్చున్నట్టే గొంతుక్కూర్చున్నాను. చెయ్యి పెట్టాను. కణుపుల దగ్గర ఆగిపోయింది. తెలిసిన సంగతే. అయినా తోశాను, చర్మం గీసుకుపోయింది. "దూరదు మేడం, ఒగ్గీయండి" అన్నారాయన మెల్లగా. ఆ చక్రమే కావాలని నా ప్రాణం లాగింది. అది తీసుకుంటే ఆమె కారు ఆమె కారులాగే ఉంటుంది. కానీ దాన్ని కడిగే చెయ్యి లేదు. మళ్ళీ ఉప్పు తింటుంది, మళ్ళీ పాడవుతుంది, నేను మళ్ళీ చూస్తూ కూర్చుంటాను. ఆమె నాకు బండి ఇచ్చింది అందుకు కాదు.

అయిదు స్పోకుల చక్రాన్ని దగ్గరికి లాక్కున్నాను. గాజులు పైకి తోసుకుని చెయ్యి పెడితే ఎక్కడా తగలకుండా మోచేతి దాకా వెళ్ళింది. వెనక వైపంతా వేళ్ళతో తడిమాను. నున్నగా, చల్లగా ఉంది. ఆ చివర ఇంకో చెయ్యి తగులుతుందేమోనని, నురగలో ఎవరైనా నా వేలు పట్టుకుంటారేమోనని, వేళ్ళు ఇంకాస్త చాచాను.

"ఇవే ఎక్కించండి" అన్నాను. చెయ్యి మాత్రం వెంటనే వెనక్కి తీసుకోలేకపోయాను.