మాస్టారి గొంతులో నాన్న

పోయిన బుధవారం మధ్యాహ్నం బాపట్ల వెళ్లిన అమ్మ అక్కడి నుంచి ట్రంకాల్ చేయించింది. మద్రాసులో మేముండే ఇంటి కింది వాటాలో ఫోనుంది. గబగబా దిగి రిసీవర్ చెవిన పెట్టుకుంటే, "మాస్టారు పోయారే అమ్మాయ్. నిద్దట్లోనే" అంది. ఏడుపు రావాల్సిన చోట నా నోట్లోంచి ప్రశ్న వచ్చింది. చివర్లో ఏమైనా మాట్లాడారా అని అడిగాను. ఏమీ మాట్లాడలేదని అమ్మ చెప్పాక గాని నాకు ఊపిరాడలేదు. ఏడ్చింది ఆ తర్వాతే.

అభిమానించిన మనిషి పోతే ముందుగా ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని మీకు అనిపించవచ్చు. ఆయనతో మా ఇంటికి జరిగింది తెలిస్తే మీరూ అదే అడిగేవారు.

మాస్టారు బాపట్ల కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. పొడుగాటి, సన్నటి మనిషి. భార్య చిన్నవయసులోనే పోతే మళ్లీ పెళ్లి చేసుకోలేదు, తన వంట తనే చేసుకునేవారు. ప్రతి మనిషీ తనకు తానే యజమాని, అతని సంపాదన మీద గాని ఇష్టాల మీద గాని సర్కారుకు పెత్తనం ఉండకూడదు, ఇదీ ఆయన సిద్ధాంతం. చాలామంది సిద్ధాంతాలు సభ అయిపోగానే అక్కడే ఉండిపోతాయి. ఈయనది ఇంటికి కూడా వెంట వచ్చేది. రేపల్లెలో మా ఇంటికి వచ్చినప్పుడు బల్ల మీద నా కథల పుస్తకం కనిపిస్తే, "చూడొచ్చా అమ్మాయ్?" అని నన్ను అడిగేవారు. ఒకసారి కావాలనే వద్దన్నాను. ఉన్నంతసేపూ దాని అట్ట కూడా ముట్టుకోలేదు. నాకు సిగ్గేసి నేనే తెచ్చి ఇచ్చాను. పిల్లలను అడిగి పుస్తకం తీసుకున్న పెద్దమనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మా నాన్న రేపల్లెలో మిషన్ స్కూలు హెడ్మాస్టరు. మేము లూథరన్లం. మా ఇంట్లో సినిమా అన్న మాట వినపడకూడదు. హాలు మైకులో పాట పెడితే నాన్న మమ్మల్ని పక్క వీధిగుండా తిప్పి తీసుకెళ్లేవారు. అలాంటి ఇద్దరికి స్నేహం ఎలా కుదిరిందంటే, పోట్లాటతోనే కుదిరింది. తెనాలి లైబ్రరీలో ఎవరో పన్నుల మీద సభ పెట్టి ఇద్దరినీ పిలిచారు. ఆదాయపు పన్ను మితిమీరిందని ఇద్దరూ ఒప్పుకున్నారు. సంపాదన ముందు ఇంటికి, ఆ తర్వాతే సర్కారుకు అన్నారు నాన్న. సినిమా దగ్గరకు వచ్చేసరికి మాత్రం, దాని మీద వినోదపు పన్ను ఇంకా బిగించాలని, సెన్సారు కత్తెర ఇంకా పదునుగా ఉండాలని ఆయన పట్టుపట్టారు. అప్పుడు మాస్టారు లేచి, "నా సంపాదన నాది అన్నారు, బాగుంది. మరి నా సాయంత్రం ఎవరిదండీ?" అన్నారు. హాలంతా నవ్వింది. నాన్న కళ్లజోడు తీసి, కండువా అంచుతో తుడిచి, చిన్నగా దగ్గి, "ఇకపోతే, మీ సాయంత్రం మీదే. మీ పిల్లల సాయంత్రం కూడా మీదేనా?" అన్నారు. ఈసారి చప్పట్లు పడ్డాయి.

ఆ తర్వాత తెనాలి, బాపట్ల, రేపల్లె, ఎక్కడ పిలిస్తే అక్కడ ఇద్దరూ ఇదే వాదన. తెనాలిలో జనం ఎక్కువ వచ్చేవారు. నాటకాలు వేసినవాడో, వేషాల కోసం మద్రాసు వెళ్లి వచ్చినవాడో లేని వీధి ఆ ఊళ్లో లేదు మరి. సభలో కత్తులు దూసుకున్న ఇద్దరూ రేపల్లె బండిలో ఒకే పొట్లంలోని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వచ్చేవారు. మాస్టారు మా ఇంట్లో భోంచేసి పొద్దున్నే బాపట్ల బస్సు ఎక్కేవారు.

నాన్న స్కూల్లో ప్రార్థన చేయిస్తూ ఉన్నట్టుండి కూలిపోయారు. డాక్టరు వచ్చేలోపే అయిపోయింది. అప్పటికి తెనాలిలో తర్వాతి సభ చాటింపు వేసేశారు. నిర్వాహకులు మానేద్దామంటే మాస్టారు ఒప్పుకోలేదు. మాట్లాడే మనిషి లేడని ఒక పక్షం ఓడిపోకూడదు, అది న్యాయం కాదన్నారు. తన పక్షం మాట్లాడారు. తర్వాత నడిచి వెళ్లి నాన్న కుర్చీలో కూర్చున్నారు. చెయ్యి ముఖం దాకా ఎత్తి లేని కళ్లజోడు తీశారు. మాస్టారికి కళ్లజోడు లేదు. అయినా దాన్ని తుడిచారు. చిన్నగా దగ్గి, "ఇకపోతే" అన్నారు.

అది అనుకరణ కాదు. ఆ ఊళ్లో అనుకరించేవాళ్లను బోలెడుమందిని చూశాను. ఇది మా నాన్న గొంతు. నా పక్కన కూర్చున్న అమ్మ చెంగు తలమీద కప్పుకుంది, ప్రార్థనకు కప్పుకున్నట్టే. నాన్న బతికుండగా అమ్మ ఏనాడూ ఆ సభలకు రాలేదు. ఆ రోజు నుంచి ఒక్కటి కూడా మానలేదు.

మొదట్లో అందరూ మాస్టారి స్నేహధర్మాన్ని మెచ్చుకున్నారు. రానురాను జనం పలచబడ్డారు. బాపట్ల సభలో ఒక చిన్నపిల్ల జడుసుకుని ఏడుపు లంకించుకుంటే తల్లి ఎత్తుకుని బయటికి వెళ్లిపోయింది. అమృతలూరు నుంచి వచ్చిన, పల్లె గుళ్లో వాక్యం చెప్పే ఒక ముసలి ఉపదేశిగారికి చూపు ఆనేది కాదు, నాన్న పోయిన సంగతి కూడా తెలియదు. సభ అయ్యాక కర్ర పొడుచుకుంటూ అమ్మ దగ్గరకు వచ్చి, "హెడ్మాస్టరుగారు బాగా చిక్కినట్టున్నారమ్మా. గొంతు మాత్రం పాతదే" అన్నారు. అమ్మ ఆయనకు నిజం చెప్పలేదు. అవునండి అంది.

నన్ను ఎక్కువ భయపెట్టింది వేరే. నాన్న పోయిన తర్వాత వచ్చిన బడ్జెట్ మీద నాన్న మాట్లాడటం మొదలుపెట్టారు. కొత్త పన్నులు, కొత్త సినిమాలు, అన్నిటి మీదా ఆయన దగ్గర మాట ఉండేది, అదీ గట్టి మాట. మాస్టారు తన కుర్చీలోకి తిరిగి వచ్చి జవాబు కోసం వెతుక్కునేవారు. మీరెందుకు ఓడిపోతున్నారని ఒకసారి అడిగితే, "నాకేం తోచడంలేదమ్మాయ్. అక్కడ కూర్చుంటే అన్నీ తోస్తున్నాయి" అన్నారు. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఆయన ముక్కు మీద కళ్లజోడు నొక్కుల్లాంటివి రెండు కనిపించాయి. వెలుతురు అలా పడిందేమోనని సరిపెట్టుకున్నాను.

తర్వాత అమ్మ ఇంటి విషయాలు మొదలుపెట్టింది. ఆదివారం గుడి అయ్యాక మాస్టారు వస్తే, నాన్న వాలుకుర్చీ చూపించి, వంటింటి పెంకులు ఈ ఏడు మార్చాలా, పై ఏడు చూద్దామా, ఆయన్నడిగి చెప్పండి అన్నయ్యగారూ అనేది. పాపం ఆవిడ మనసు కష్టపెట్టడమెందుకని ఆయన కూర్చునేవారు. ఇది పాస్టరుగారి చెవిన పడితే ఆయన, చనిపోయినవాళ్లతో మాట్లాడటం తప్పమ్మా అని మందలించారు. నేను అన్నయ్యగారితో మాట్లాడుతున్నానండి అని అమ్మ తడుముకోకుండా జవాబిచ్చింది. మా ఇంట్లో నాన్న పోయినట్టే లేదు. అమ్మకు ఆ బెంగే తెలియలేదు, మాస్టారే నెలనెలకూ సన్నబడిపోయారు.

ఇంతలో నా సంగతి వచ్చింది. నేను గుడి క్వయర్లో పాడేదాన్ని. క్రిస్మస్ కూటానికి వచ్చిన ఒక వాద్యకారుడు నా పాట విని, మద్రాసులో సినిమా పాటలకు కోరస్ పాడేవాళ్లు కావాలి, వస్తావా అని అడిగాడు. పదిమంది ఆడపిల్లల్లో ఒక గొంతు, పేరు కూడా వెయ్యరు. అయినా నాకు ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. పాడటం తప్ప నాకు చేతనైంది ఇంకోటి లేదు. అమ్మతో చెబితే కోప్పడలేదు. ఆదివారం మీ నాన్నగారిని అడుగుదాం అంది.

నేను బాపట్ల పరుగెత్తాను. మాస్టారు వరండాలో బియ్యం ఏరుకుంటున్నారు. ఎవరి బతుకు వాళ్లదని జీవితమంతా చెప్పిన మనిషి నా పక్షాన ఉండక ఏం చేస్తారని నా ధైర్యం. నాన్నగారి చేత సరే అనిపించండి మాస్టారూ అని బతిమాలాను. ఆయన చేట పక్కన పెట్టారు.

"నా అభిప్రాయం అడిగితే వెళ్లమంటాను. మీ నాన్న గొంతు నాది కాదు గదమ్మాయ్, దాంతో నాకు కావలసింది ఎలా చెప్పిస్తాను?" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆయన సిద్ధాంతాలను, ఆ కుర్చీలను కలిపి తిట్టుకుంటూ బస్సెక్కాను.

ఆదివారం మాస్టారు వచ్చారు. ముందు గదిలో వాలుకుర్చీ, దానికెదురుగా మాస్టారు ఎప్పుడూ కూర్చునే చెక్క కుర్చీ. బయట ఎండ కాస్తోంది. అమ్మ చెంగు కప్పుకుని అడిగింది. మాస్టారు వాలుకుర్చీలో కూర్చున్నారు. దగ్గు వినిపించింది.

"ఇకపోతే, సినిమాలో ఒకరి నోటికి ఇంకొకరి గొంతు తగిలిస్తారు. ఆ నోరు అబద్ధం, ఆ గొంతు అబద్ధం. అందులో నా కూతురు పాలుపంచుకోకూడదు."

ఆ మాట ఏ నోట్లోంచి వస్తోందో ఆయనకు స్పృహ ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. మాస్టారు చెమటతో తడిసిపోయి లేచారు. వాదన నియమం ప్రకారం ఇప్పుడు తన జవాబు చెప్పాలి. తన చెక్క కుర్చీలోకి వచ్చి కూర్చుని నా వైపు చూశారు. వెళ్లమని చెప్పబోతున్నారని ఆ చూపులోనే నాకు తెలిసింది. నోరు తెరిచారు. దగ్గు వచ్చింది. చెయ్యి లేచి లేని కళ్లజోడు తీసింది. "ఇకపోతే" అంది మా నాన్న గొంతు, మాస్టారి కుర్చీలోంచి.

మాస్టారి కళ్లు భయంతో పెద్దవయ్యాయి. నోరు మూసుకోవాలని చూశారు. గొంతు ఆగలేదు, చెప్పిందే మళ్లీ చెబుతోంది.

అమ్మ లేచింది. తల మీది చెంగు తీసి నడుముకు దోపుకుంది. ఆయన ఎదుట నిలబడి, వాకిట్లో బస్సుకు సాగనంపుతున్నంత మామూలుగా మాట్లాడింది.

"ఏవండీ, ఇక మీరు బయల్దేరండి. పిల్లను నేను చూసుకుంటాను. పాపం, అన్నయ్యగారిని వదిలిపెట్టండి."

నాన్న బతికున్నన్నాళ్లూ అమ్మ ఆయనకు ఒక్క మాట ఎదురు చెప్పడం నేను వినలేదు. ఆ గొంతు ఆగిపోయింది. కొంతసేపటికి మాస్టారు తన బొంగురు గొంతుతో, "చెల్లెమ్మా, కాసిని మంచినీళ్లు ఇస్తారా" అన్నారు. అమ్మ గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, కండువాతో ముఖం తుడుచుకుని, నన్ను చూసి వెళ్లమ్మాయ్ అన్నారు. వెళ్తుంది లెండి అంది అమ్మ. ఆయన బస్సెక్కిన తర్వాత అమ్మ వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. నాన్న సమాధి దగ్గర కూడా కన్నీరు పెట్టని మనిషి, ఆ సాయంత్రం గుండె పగిలేలా ఏడ్చింది. నాకు వెళ్లే దారి ఇవ్వడానికి ఆవిడ ఏం పోగొట్టుకుందో ఆ తలుపు బయట నిలబడి తెలుసుకున్నాను.

మాస్టారు మళ్లీ ఆ సభలకు వెళ్లలేదు. అవతలి పక్షం ఖాళీగా ఉంటే ఉండనివ్వండి అని చెప్పేశారట. ఆయన మాట కూడా తగ్గిపోయింది, పాఠం చెప్పేటప్పుడు తప్ప గొంతు పెంచేవారు కాదు. మద్రాసుకు ఉత్తరాలు మాత్రం రాసేవారు. సెన్సారు గురించి, పన్నుల గురించి నాలుగు ముక్కలు తిట్టి, చివర్లో గొంతు జాగ్రత్త అని రాసేవారు. ఆయన పక్షమే సరైనదని నేను ఇప్పటికీ అంటాను. మా నాన్న పక్షానికి అంత గౌరవం ఇచ్చిన మనిషి కూడా ఆయనే. ఆ రుణం నేను తీర్చుకోలేదు, తీరేది కూడా కాదు.

నేను పాడిన మొదటి సినిమా తెనాలి వచ్చినప్పుడు సెలవు మీద ఇంటికొచ్చాను. మాస్టారు బాపట్ల నుంచి వచ్చి అమ్మను, నన్ను మ్యాట్నీకి తీసుకెళ్లారు. టికెట్టు మీద పన్ను చూసి, మా స్నేహితుడు కోరినంతా వేశారు చెల్లెమ్మా అంటే అమ్మ నవ్వింది. ఆవిడ సినిమా హాల్లో అడుగుపెట్టడం అదే మొదలు. పాట వచ్చింది. హీరోయిన్ వెనక పొగమంచులో తెల్లచీరల అమ్మాయిలు చేతులూపుతుంటే మా కోరస్ లేచింది. అమ్మ ఆ పదిమందిలో నా గొంతు పట్టేసింది. తెర మీద ఎవరో నోరు కదుపుతున్నారు, అమ్మ మాత్రం ఇటు తిరిగి మూసి ఉన్న నా పెదవుల వంక రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఆవిడకు అవతల మాస్టారు. తెర వెలుగు ముఖం మీద పడుతూ పోతూ ఉండగా, పాట అయ్యేదాకా ఆయన తన గొంతును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.