గొడుగు పట్టిన ప్లంబరు

ఆ పేటలో ఎన్నికలొస్తే ముందుగా తడిసేవి గోడలే. కుళాయిల సంగతి ఆ తర్వాత, వీలుంటే.

గోడల మీద రాసే పని ఒక తండ్రీకూతుళ్ళది. అక్షరాలు నాన్నవి, గుర్తులు కూతురివి. నాన్న గొడుగు పార్టీకి తప్ప ఎవరికీ బ్రష్షు పట్టడు. వయసులో ఆ పార్టీ ఊరేగింపులో తిన్న లాఠీదెబ్బ మచ్చని ఇప్పటికీ చొక్కా ఎత్తి చూపిస్తాడు. కూతురికి ఆ పట్టింపు లేదు. "సున్నానికి పార్టీ ఏంటి నాన్నా?" అని ఎదుటి పక్షం వాళ్ళకి బకెట్ గుర్తులూ వేసేది.

అలాంటి పిల్ల ప్రేమించింది మాత్రం బకెట్ పార్టీ జెండా మోసే ప్లంబర్ని. నిద్రలోనూ నినాదాలిచ్చే రకం అతను.

"ఈసారి మావాళ్ళొస్తే మీ వీధికి నీళ్ళొచ్చినట్టే," అనేవాడు.

"అందరూ అన్నమాటే. నువ్వు కాస్త ముద్దుగా అంటున్నావు, అంతే," అనేది ఆమె.

పెళ్ళి మాటెత్తితే నాన్న తెగేసి చెప్పాడు. "గొడుగు పట్టనివాడికి నా గడపలో చోటు లేదు." ప్లంబరూ తక్కువ తినలేదు. "ప్రాణం పోయినా ఆ గొడుగు ముట్టను," అన్నాడు. మధ్యలో ఆమె అడకత్తెరలో పోకచెక్క అయింది.

పోలింగు దగ్గరపడ్డ రోజుల్లో, కుళాయికి ఎదురుగా ఉన్న పెద్దగోడ మీద నాన్న గొడుగు పార్టీ కౌన్సిలరు పేరు రాసి భోజనానికి వెళ్ళాడు. గుర్తు వెయ్యడానికి ఆమె నిచ్చెన ఎక్కింది. కింద ప్లంబరు పెళ్ళి గురించి గొణుగుతున్నాడు. మనసు ఆ మాటల మీద, చెయ్యి పొద్దుటిదాకా వేసొచ్చిన బకెట్ల మీద. దిగి చూసుకుంటే కౌన్సిలరు పేరు కింద నిగనిగలాడుతూ బకెట్.

కుళాయి దగ్గర ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు విరగబడి నవ్వారు.

"ఇన్నాళ్ళకి కౌన్సిలరుగారు నిజం ఒప్పుకున్నాడే. ఖాళీ బకెట్," అంది ఒకామె.

"పోనీలే వదినా, బోర్లిస్తే కూర్చోడానికైనా పనికొస్తుంది," అంది వెనకామె.

ఆమెకి నవ్వు రాలేదు. సాయంత్రం కౌన్సిలరు వచ్చేది ఈ వీధికే. నాన్నకి ఆ పార్టీ తప్ప వేరే పని లేదు. ఇది చూస్తే పనీ పోతుంది, పరువూ పోతుంది, పెళ్ళి సంగతి ఇక సరేసరి. డబ్బాలో రంగు అడుగంటింది. తేవడానికి ఇంటికి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి నిచ్చెన మీద ప్లంబరున్నాడు. పైపులకి పూసే నల్లరంగుతో బకెట్ పిడి ఒంపుని నింపి గొడుగు గుడ్డ చేశాడు. కింది భాగాన్ని సున్నంతో కప్పేసి కర్ర గీశాడు. కర్ర చివర మలుపు అచ్చం పైపుకి ఎల్బో బిగించినట్టే ఉంది.

అటుగా వెళ్తున్న బకెట్ పార్టీవాళ్ళు ఆగారు. "ఏంటన్నా, పార్టీ మార్చావా? చెప్తే దండ తెచ్చేవాళ్ళం కదా."

"మార్చలేదు. మీ దారిన మీరు పొండి," అన్నాడతను తల తిప్పకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పుడే నాన్న వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని గోడకేసి చూశాడు.

"అది గొడుగా, పుట్టగొడుగా?"

"తప్పు నాదే నాన్నా. బకెట్ వేసేశాను," అంది కూతురు.

"నువ్వెందుకయ్యా ఎక్కావు?" అని తలెత్తి అడిగాడు నాన్న.

"ఇది చూస్తే మిమ్మల్ని పనిలోంచి తీసేస్తారు కదా మావయ్యా."

"ప్రాణం పోయినా ముట్టనన్నావుగా?"

"సగం పోయింది. మావాళ్ళు చూసేశారు."

నాన్న నవ్వు బిగబట్టి నిచ్చెన పట్టుకున్నాడు. "దిగు. కర్ర నేను సరిచేస్తా. గొడుగు పట్టావు, నాకది చాలు. ఓటు నీ ఇష్టం."

పెళ్ళి అయింది, ఎన్నికలూ అయ్యాయి. ఇంటి ముందుగోడ మా పార్టీదంటే మా పార్టీదని మామా అల్లుళ్ళు వాదులాడుకుంటుంటే, ఆమె దానికి సున్నం కొట్టి రెండు ముక్కలు రాసింది: "ముందు నీళ్ళు. తర్వాతే గుర్తులు." అప్పటినుంచి ఇద్దరూ పంతం పట్టి, నీళ్ళ కోసం ఎవరి నాయకుడి వెంట వాళ్ళు పడుతున్నారు. నీళ్ళ గొట్టం వీధి మలుపుదాకా వచ్చింది. గోడ మీద ఏ గుర్తు వేస్తావని ఇద్దరూ అడుగుతుంటే, ఆమె బ్రష్షు కడుక్కుంటూ, "ముందు కుళాయి తిప్పి చూపించండి," అంటోంది.