గుల్ల దాటిన దొరువు

మా అక్క మల్లెతోటకు నీళ్లిచ్చిన దొరువు ఇప్పుడు ఉప్పుగుంట. దాని గట్టు మీద "పంట కుంట" అని రాసిన సిమెంటు బోర్డు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆ దారిన పోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండాలో తేలదు. కాసేపటికి మంట చల్లారి దిగులు మిగులుతుంది. ఇన్నేళ్లయినా ఆ దిగులు తగ్గలేదు.

దొరువు అంటే తెలియనివాళ్లకు చెప్పాలి. వాకాడుకు తూర్పున, సముద్రపు హోరు వినబడేంత దగ్గర్లో మా ఊరు. ఊరంతా ఇసుక. ఎక్కడ లోతుగా తవ్వినా ఉప్పునీళ్లే. అయితే పైన కురిసిన వాన ఇసుకలో ఇంకి, ఆ ఉప్పునీళ్ల మీద పలచగా నిలుస్తుంది, పాల మీద మీగడలాగా. ఆ మీగడను మాత్రం ముంచుకోవడానికి తవ్వుకునే వెడల్పాటి, లోతు లేని గుంటే దొరువు. పక్కలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి రెండు కడవలతో దిగి, నింపుకొని, మొక్కల దగ్గరికి నడిచి రావచ్చు. ఏటా ఎండాకాలంలో జారిన ఇసుక తీసి శుభ్రం చేసుకుంటాం. అప్పుడు పాటించాల్సింది ఒక్కటే. ఇసుకలో తెల్లటి సముద్రపు గుల్లలు కనబడితే పార కింద పెట్టెయ్యాలి. గుల్ల కింద ఉన్నది సముద్రం సొత్తు అంటారు మావాళ్లు. ఇది మా ఊళ్లో బడి మొహం చూడని పిల్లలకు కూడా తెలుసు. మాకూ తెలుసు. తెలిసే దాటాం.

అక్కా నేనూ ఒకే ఊరి కోడళ్లం. బావ పడవ మీద చేపల వేటకు పోతాడు. అక్క ఇంటి వెనక మల్లెతోట పెట్టి, పూలు కోట, వాకాడు బజార్లకు పంపేది. పంపే ముందే ఒక పళ్లెం నిండా పూలు పక్కన పెట్టేది. సాయంత్రం దీపాల వేళ ఏ ఆడమనిషి వచ్చి అడిగినా లేదనకూడదని మా అమ్మ నేర్పిన మాట. ఆ పాఠం నాకు సగమే వచ్చింది. నా జడలోకి తప్ప ఇంకొకరి జడలోకి పూలు పోతుంటే నాకు ఇప్పటికీ కాస్త కడుపునొప్పి. అక్కకు మాత్రం ఆ పాఠం పూర్తిగా వచ్చింది. మా వీధి ఆడవాళ్లు పూలు కొనుక్కోవడమే మర్చిపోయారు.

కరోనా వచ్చిన ఏడు వేసవిలో అందరి పనీ ఒక్కసారే ఆగిపోయింది. లాక్‌డౌన్ సడలించాక పడవలు కదిలినా చేపలు కొనే వ్యాను రాలేదు. సరుగుడు కట్టె నరికినవాళ్లకు బేరం లేదు. పెళ్లిళ్లు లేవు కాబట్టి మల్లెలు అడిగేవాళ్లు లేరు. అక్క మొగ్గలు కోసి, కోసినవి గట్టు మీద పారబోసేది. కోయకపోతే చెట్టు పాడవుతుందని దాని బాధ. పెళ్లిళ్లు లేవు కాబట్టి జాకెట్లు కుట్టించుకునేవాళ్లూ లేరు. నా కుట్టుమిషను మీద పిల్లి కాపురం పెట్టింది. చిల్లరకొట్టాయన "అరువు లేదు" అన్న అట్టముక్కను తీసేశాడు. మంచితనం పుట్టుకొచ్చి కాదు, కొట్లో సరుకే లేక.

అప్పుడు ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు బైకు మీద వచ్చాడు. పక్క ఊరివాడే, పెళ్లయి పిల్లలున్న మనిషి, మంచివాడు. మూతికి తువ్వాలు కట్టుకొని మా వీధి మొగలో నిలబడి చెప్పాడు.

"అడిగినోళ్లందరికీ పని ఇమ్మని పైనుంచి గట్టిగా చెప్పినారక్కా. డబ్బు ఉండాది. తవ్వే చోటే మీరు చూపించాల."

మొదట ఊరి కాలవ పూడిక తీశాం. చేతులన్నీ ఖాళీగా ఉన్నాయేమో, ఊరు ఊరంతా వచ్చింది. పడవ నడిపేవాడు, బడి దగ్గర ఐసు అమ్మేవాడు, ఎన్నడూ ఎండలో నిలబడని నేను. అంతమంది పడితే కాలవ ఎన్నాళ్లు నిలుస్తుంది? అయిపోయింది. ఇక తవ్వడానికి ఊరి ఉమ్మడి జాగా ఏమీ లేదు. ఉన్న పోరంబోకంతా రొయ్యల గుంటల కిందికి ఎప్పుడో పోయింది. అది ఎవరు ఎలా మింగారన్నది ఇప్పుడు మొదలుపెడితే నా నోరు ఆగదు.

"చోటు లేకుంటే పని ఆపేస్తారక్కా, నేనేం చేసేది" అన్నాడు ఫీల్డ్ అసిస్టెంటు. అతని గొంతులో నిజంగానే బాధ ఉంది.

మా పక్కింటామె చంటిపిల్లను ఎత్తుకొని అక్కడే నిలబడి ఉంది. ఆమె మొగుడు చెన్నై రేవులో చిక్కుకుపోయాడు. డబ్బు పంపడం మాట అటుంచి, అతను తిన్నాడో లేదో తెలియని రోజులు. అక్క ఆమె వైపు ఒకసారి చూసింది.

"మా దొరువు ఉండాది గదా అబ్బయ్యా. దాన్ని పెద్దది చేసి పంట కుంట అని రాసుకో" అంది.

నేను అక్క చెయ్యి గిల్లాను. అది చెయ్యి విదిలించుకుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క కూతురు, గూడూరులో డిగ్రీ చదువుతూ కాలేజీ మూసేస్తే ఇంటికొచ్చిన పిల్ల, తన చదువు మాకు వడ్డించింది. "దేశంలో పనులన్నీ పడిపోయినప్పుడు గవర్నమెంటు గుంటలు తవ్విచ్చి మళ్లా పూడిపిచ్చినా మంచిదేనంటమ్మా. కూలి చేతికొస్తే జనం కొంటారు, కొంటే అంగళ్లు లేస్తాయి, అంగళ్లు లేస్తే ఇంకొకరికి పని."

"మీ సారును ఒక పార తెచ్చుకోమను, ఆయన తవ్వేకొద్దీ మేం పూడుస్తాం" అన్నాను. అందరం నవ్వాం. నవ్వి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

మల్లెపాదులను ముట్టుకోకుండా, గట్టు వైపు వెడల్పు చేసుకుంటూ తవ్వడం మొదలుపెట్టాం. కూలి రోజు లెక్కన కాదు, తవ్విన కొలత లెక్కన. గట్టినేలలో అయితే ఎంత తవ్వామో తెలియడానికి మధ్యలో ఒక మట్టిదిమ్మను తవ్వకుండా వదులుతారు, దాని ఎత్తు చూసి కొలుస్తారు. ఇసుకలో దిమ్మ ఎక్కడ నిలుస్తుంది? సాయంత్రానికి నిలువెత్తు తవ్వి ఇంటికి పోతే, పొద్దునకు పక్కలు జారి సగం గుంట పూడిపోయేది. దిమ్మ మంచం పట్టిన మనిషిలా చతికిలబడేది. ఫీల్డ్ అసిస్టెంటు టేపు పెట్టి ఉన్నదే కొలిచేవాడు. తవ్వింది కొండంత, కొలతకు వచ్చింది గోరంత. మొదటి వారం కూలి లెక్క చూసుకొని పక్కింటామె చంటిపిల్లను భుజం మార్చుకుంది, అంతే.

ఇక వెడల్పు చేద్దామంటే మల్లెపాదులు అడ్డం. మిగిలింది లోతే. పక్కలు జారితే జారనీ, నడిమధ్య దించుకుంటూ పోతే కొలత వస్తుందని లెక్కేశాం. అలా దించుతుంటే ఒకరోజు ఎవరి పారకో గరగరమని తగిలింది. తట్టలోకి ఎత్తిన ఇసుకలో తెల్లగా గుల్లలు.

పారలన్నీ ఆగాయి. ఎవరూ ఎవరినీ చూడలేదు. తట్టలు మోసేవాళ్లు తట్టలతోనే నిలబడిపోయారు. ఎవరి మనసులో ఏముందో అందరికీ తెలుసు, కానీ దొరువు ఒకరిది, ఆకలి ఇంకొకరిది. ఎవరు చెప్పాలి?

అక్క గట్టు మీద నుంచి దిగి వచ్చింది. గుల్లలు చేతిలోకి తీసుకొని చూసి పారేసింది. "ఏంది, పాము ఎదురొచ్చినట్టు నిలబడిపోయినారు? ఇంకో జాన దించండి. రేపు కొలత తీస్తాడు గదా" అంది.

"అక్కా, నీళ్లు..." అన్నాను.

"వానలు పడితే అవే మారతాయిలే పాపా. నువ్వు తవ్వు."

దానికి తెలియక అన్న మాట కాదది. మా అమ్మ పక్కన నిలబడి చిన్నప్పటి నుంచి దొరువులు తీసిన మనిషి. నేను తవ్వాను. అందరం తవ్వాం.

కూలి బ్యాంకులో పడింది. ఆ తరువాత ఊరు ఎలా లేచిందో చూసినవాళ్లకు మర్చిపోవడం కష్టం. పక్కింటామె పిల్లకు పాలపొడి డబ్బా కొనింది. చిల్లరకొట్టులోకి బియ్యం మూటలు దిగాయి. కొట్టాయన మళ్లీ అట్టముక్క తగిలించాడు, ఈసారి దాన్ని చూసి మాకు సంతోషమే వేసింది. ఐసు అమ్మేవాడి పెళ్లాం ఒక గుడ్డ తెచ్చి "జాకెట్టు కుట్టక్కా" అంది. నేను పిల్లిని తోలేసి మిషనుకు నూనె వేశాను. ఆమె ఇచ్చిన డబ్బుతో మా ఇంట్లో చాలా రోజులకు చేప కొన్నాం, ఆ చేప బావ పడవదే. ఒకే డబ్బు అన్ని గుమ్మాలూ తొక్కి వచ్చింది. అక్క కూతురు చెప్పిన చదువు నిజమే. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

దొరువులోనూ నీళ్లు ఊరాయి, మునుపు ఎన్నడూ లేనన్ని. ఫీల్డ్ అసిస్టెంటు ఫోటో తీసుకొని బోర్డు కట్టించాడు. ఆ నీళ్లే మల్లెలకు పోశాం. కొన్నాళ్లకు ఆకుల అంచులు కాలినట్టు మాడడం మొదలైంది. అక్క పురుగేమో అంది, ఎండేమో అంది. ఒకరోజు నేనే దోసిట్లో తీసుకొని నోట్లో పోసుకున్నాను. ఉప్పు. ఉమ్మేసి అక్క మొహం చూశాను. అది కడవలు బోర్లించి ఇంట్లోకి పోయింది.

దొరువుకు ఉప్పు తగిలితే మందు లేకపోలేదు. మంచి ఇసుక పోసి గుల్ల పై దాకా పూడ్చి, ఒకటి రెండు వానాకాలాలు ఓపిక పడితే తీపి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఆ సంగతే ఫీల్డ్ అసిస్టెంటును అడిగాం, పూడ్చే పని కూడా ఇప్పించమని. అతను తల గోక్కున్నాడు. "తవ్వేదానికి ఉండాది గానీ పూడ్చేదానికి లేదక్కా. కట్టిన ఆస్తిని మనమే చెడగొట్టినట్టు అవుతుంది. నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. కాలేజీ పుస్తకంలోని సగం మాటే ప్రభుత్వం దాకా పోయినట్టుంది.

"అదేంది, మేం లేమా?" అన్నారు ఆడవాళ్లు. "కూలి లేకుంటే పోయె. తలా నాలుగు తట్టలు ఎత్తితే పూడిపోతుంది. వస్తాం అక్కా." ఆ మాట వాళ్లు మనస్ఫూర్తిగానే అన్నారు. అప్పుడు అందరి కళ్లలోనూ నీళ్లు ఉన్నాయి, నేను చూశాను.

కానీ అప్పటికే కాలం మళ్లింది. చేపల వ్యాన్లు వచ్చాయి. రొయ్యలు ఒలిచే షెడ్లు తెరిచారు, తెల్లవారకముందే ఆటోలు ఆడవాళ్లను ఎక్కించుకొని పోయేవి. ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి, నా మిషను పగలూ రేయీ ఆడింది. పక్కింటామె మొగుడు తిరిగి వచ్చాడు. కష్టకాలంలో అందరికీ తీరిక ఉంది, మంచికాలం వచ్చేసరికి ఎవరికీ లేదు. "ఈ ఆదివారం" అన్నారు, "పండగ పోనీ" అన్నారు, తరువాత అనడం మానేశారు. అక్కా నేనూ కొన్ని సాయంత్రాలు తట్టలు మోశాం. తుఫాను వానకు పోసిందంతా కొట్టుకుపోయింది. తోట ఎండింది. బావ కట్టెలు కొట్టి పొయ్యి దగ్గర పేర్చాడు. మల్లెకట్టెకు మంట రాదు, పొగ వస్తుంది.

ఎవరినీ తిట్టలేకపోవడమే నాకు పెద్ద కష్టం. డబ్బు రాకపోతే ఆ ఏడు ఊరు ఏమయ్యేదో నాకు తెలుసు. దొరువు ఉంటే బాగుండేదనీ తెలుసు. రెండూ నిజమైనప్పుడు మనిషి నోరు ఎటు తిప్పాలి?

వాకిట్లో కుళాయి నీళ్లతో అక్క నాలుగు మల్లెపాదులు పెంచుతోంది. అవి ఆకులు వేస్తాయి గానీ సరిగ్గా పూయవు. అయినా మొన్న నేను అక్కడ ఉండగానే, దీపాల వేళకు పక్కింటామె వచ్చింది. నాటి చంటిపిల్ల ఇప్పుడు బడికి పోతోంది, తల్లి కొంగు పట్టుకొని నిలబడింది.

"అక్కా, పాపకు రెండు మూరలు పూలుండాయా? రేపు బడిలో డాన్సంట."

"ఉండాయి, ఉండు" అని అక్క లోపలికి పోయి పళ్లెంలో పూలు తెచ్చి పిల్ల చేతుల్లో పెట్టింది. వాళ్లు సంతోషంగా పోయారు. నేను వాకిట్లో పాదుల వైపు చూశాను. ఒక్క మొగ్గ లేదు. లేచి లోపలికి పోయి చూస్తే, నీళ్లకుండ పక్కన తడిగుడ్డ కప్పిన ప్లాస్టిక్ కవరు, అందులో అరటినారతో కట్టిన బజారు మల్లెలు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"కోట నుంచి ఆటో ఆయన తెస్తాడు. పెద్ద ఖర్చేం కాదులే."

"లేవని చెప్తే ఏమవుతుంది! అమ్మ చెప్పిందని ఊరంతటికీ కొని పంచుతావా?" నా గొంతు పెద్దదైంది.

అక్క కవరు మీద గుడ్డ సర్దింది. "లేవంటే, ఎందుకు లేవో గుర్తుకొస్తాది పాపా వాళ్లకి. ఆ పొద్దు తిన్న తిండి ఇప్పుడు చేదెక్కాలనా?"

నాకు ఏడుపు వచ్చింది. "అటు తిరుగు" అని అది మిగిలిన మూరెడు పూలూ నా జడలో పెట్టింది.