రాయగడ టికెట్టు

నా చిన్నప్పుడు, నాకు పన్నెండేళ్ళ వయసులో, బిలాస్‌పూర్ స్టేషన్లో రిజర్వేషన్‌కి కొత్తగా కంప్యూటర్ పెట్టారు. ఇవాళ బ్యాంకులో కుర్రాళ్ళు "సిస్టమ్‌లో అలాగే ఉందండీ" అనగానే పెద్దవాళ్ళు కూడా మారుమాట లేకుండా వెనక్కి తిరుగుతున్నారు. మా కాలనీలో అలా మొట్టమొదట ఒకరి నోరు మూయించినదాన్ని నేనే. చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహం చెల్లదు, అయినా చెప్తాను.

మా రైల్వే క్వార్టర్లలో సగం ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళవి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. మా పెద్దవాళ్ళ హిందీ వింటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఊళ్ళోని గోల్ బజార్‌ని 'గోలు బజారు' అనేవారు. స్నేహితుల ముందు వాళ్ళని సరిదిద్దడం నాకు పెద్ద సరదా. దానికి తోడు మా బడిలో ఒక కంప్యూటర్ ఉండేది. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం. మూడు నెలలు దాని ముందు కూర్చున్నానో లేదో, కాలనీలో నా అంతటిది లేదనుకున్నాను. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట, నేను ఆ బాపతే.

ఆ రోజుల్లోనే పక్కింటి అత్తకి రాయగడ నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మ మంచం పట్టిందనీ, కూతుర్ని చూడాలని కలవరిస్తోందనీ రాశారు. మావయ్య గూడ్సు డ్రైవరు, డ్యూటీ మీద వెళ్ళాడు. రైల్వేవాళ్ళకిచ్చే ఉచిత పాసులన్నీ ఆ ఏడాదికి అయిపోయాయి కాబట్టి టికెట్టు కొనాలి. ఫారం నింపడానికి అత్త నన్ను పిలిచింది. నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని ఆమెకి ముచ్చట.

బిలాస్‌పూర్‌కి రెండు గంటల దూరంలో, హౌరా వెళ్ళే దారిలో, రాయ్‌గఢ్ అనే ఊరుంది. మా బడి పుస్తకాల్లో కనిపించేది అదే. అత్త పుట్టిల్లు రాయగడ. అది ఒడిశాలో, అటు రాయ్‌పూర్ దాటి, ఇంకాసేపట్లో విజయనగరం వస్తుందనగా వస్తుంది. మా ఊరు వెళ్ళేటప్పుడు ఆ స్టేషన్ని నేనెప్పుడూ నిద్రలోనే దాటేసేదాన్ని. అలాంటి ఊరొకటి ఉందనే తెలియదు. అత్త 'రాయగడ' అంటే, ఆమె నోట్లో రాయ్‌గఢ్ కూడా వంకరపోయిందనుకున్నాను. లోలోపల నవ్వుకుని, సరిదిద్ది 'రాయ్‌గఢ్' అని రాశాను. టైంటేబుల్ చూసి ఆ ఊరు వెళ్ళే బండి నంబరు కూడా వేశాను. "రాయగడే కదే రాసినావు?" అని అత్త ఒకసారి అడిగింది. అదేనన్నాను.

కౌంటర్లో ఉన్నది మా క్వార్టర్ల వరసలోనే చివరింట్లో ఉండే, మేమంతా పెదనాన్న అని పిలిచే ఆయన. పుస్తకంలో చేత్తో రాసుకునే రోజుల్లో ఎవరింటికి, ఏ పని మీద అని అన్నీ అడిగి గాని పెన్ను కదిపేవాడు కాదు. ఆ వేళ మాత్రం కొత్త మిషను మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఫారం వంక, తెర వంక చూడడమే తప్ప తల ఎత్తలేదు. చిల్లర ఎక్కువ తిరిగొచ్చిందని అత్త ఆశ్చర్యపోతే, కంప్యూటర్ వచ్చాక చార్జీలు తగ్గుంటాయని చెప్పాను. అదీ నమ్మింది.

ప్రయాణం రోజు పొద్దున్న ఆమెని బండెక్కించడానికి నేనే వెళ్ళాను. మేము ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా ఎదుటి ప్లాట్‌ఫారం మీద విశాఖపట్నం బండి ఆగింది. బోగీ మీద ఊరి పేరు తెలుగులో ఉంది. కిటికీల్లోంచి మన మాటలే వినిపిస్తున్నాయి. అత్త సంచీ ఎత్తుకుంది. "మన బండి అదే కదే. ఇరవయ్యేళ్ళుగా అదే ఎక్కుతున్నాను" అంది. నేను టికెట్టు తీసి చూశాను, నంబరు కలవలేదు. "కాదత్తా, ఇది కంప్యూటర్ టికెట్టు, తప్పుండదు. నీకేం తెలుసు, ఉండు" అన్నాను. అత్త రెండడుగులు వేసి ఆగింది. మళ్ళీ ఒకసారి అటు చూసింది. "అచ్ఛా, నాకేటి తెలుస్తాది" అని సంచీ కింద పెట్టేసింది. బండి మా కళ్ళ ముందే కదిలిపోయింది.

తర్వాత మా బండి వచ్చింది. టీటీ టికెట్టు చూసి ఇది రాయ్‌గఢ్‌కి కదా, బహన్‌జీ అన్నాడు. అత్త రాయగడ అంది. ఆయన అది వేరు, ఇది వేరు అని చెప్పాడు. ఫారం మీద నేను రాసిన ముక్క అప్పుడు నా కళ్ళ ముందు ఆడింది. అత్త నా మొహంలోకి చూసేసరికి, నా నోరు దానంతటదే అనేసింది: "కంప్యూటర్ తప్పు కొట్టిందత్తా."

రాయగడ వైపు వెళ్ళే బండి రోజుకొక్కటే. అత్త మర్నాడు జనరల్ పెట్టెలో నిలబడి వెళ్ళింది.

నా అబద్ధం మాత్రం కాలనీలో కాళ్ళొచ్చి తిరిగింది. కంప్యూటర్లొస్తే ఉద్యోగాలు పోతాయని భయపడుతున్నవాళ్ళకి పండగే అయింది. మావయ్య డ్యూటీ నుంచి వచ్చి కోపంతో ఫిర్యాదు రాసిచ్చాడు. పెదనాన్నని పై అధికారి పిలిపించి సంజాయిషీ అడిగాడు. ఆయన ఏం చెప్పాడంటే, తనే చూసుకోకుండా టికెట్టు కొట్టేశానని. నా చేతిరాతతో ఉన్న ఫారం ఆయన దగ్గరే ఉంది. చూపిస్తే బయటపడేవాడు. చూపించలేదు.

ఒక సాయంత్రం నన్ను వాళ్ళ అరుగు మీదకి పిలిచి ఆ ఫారం నా ఒళ్ళో పెట్టాడు. నా ముత్యాల్లాంటి అక్షరాలు. ఆయన గొంతు పెంచలేదు. "ఆ మిషనుకి నోరు లేదమ్మా. మనం ఏటి ఇస్తే అదే కొడతాది. రాసింది నువ్వు, తల ఎత్తి అడగనిది నేను. ఇద్దరం ఉన్నాం కదా, మూడోదాన్ని ఎందుకు లాగడం? నా వంతు నేను చెప్పీసాను" అన్నాడు. అంతే, లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్నేమో. ఆ కాగితాన్ని చాలా రోజులు పుస్తకంలో దాచుకుని తిరిగాను.

వాళ్ళమ్మ కర్మలన్నీ అయ్యాక అత్త తిరిగి వచ్చింది. తను చేరవలసిన రోజు రాత్రంతా వాళ్ళమ్మ ఆమెని పేరు పెట్టి పిలుస్తూనే ఉందట. తెల్లారేసరికి మాట పడిపోయిందట. అత్త వెళ్ళాక వారం రోజులు బతికింది గాని, ఒక్క ముక్క మాట్లాడలేదు. ఈ సంగతి మా అమ్మతో చెబుతుంటే గుమ్మం పక్కన నిలబడి విన్నాను.

మూడుసార్లు ఆమె వాకిట్లోకి వెళ్ళి తిరిగొచ్చేశాను. నాలుగోసారి, బియ్యం ఏరుకుంటుంటే వెళ్ళి, ఫారం చూపించి, నేనే రాశానత్తా, కంప్యూటర్ కాదు అన్నాను. చేట ఒళ్ళోకి దించుకుంది. నన్ను కాదు, తనని తాను అడుగుతున్నట్టు అంది: "నా కళ్ళ ముందే నిలబడినాది గదా బండి. నేనెందుకు ఎక్కలేదు?"

ఆమె నన్ను ఒక్క మాటా అనలేదు. మా రాకపోకలూ మానలేదు. ఆ తర్వాత అత్త ఎప్పుడు ఊరు వెళ్ళినా సంచీ పట్టుకుని నేనే స్టేషన్‌కి వెళ్ళేదాన్ని. ఇరవై ఏళ్ళు ఎవర్నీ అడక్కుండా ఎక్కిన ఆ బండినే, మెట్టు మీద కాలు పెట్టబోతూ కూలీని అడిగేది, టీటీని అడిగేది, కిటికీ దగ్గర కూర్చున్న చిన్నపిల్లల్ని కూడా అడిగేది: "బాబూ, ఇది రాయగడ ఎల్తాదా?" బోగీ మీద తెలుగు అక్షరాలు ఎదురుగానే ఉండేవి. ఆమెకి చదవడం వచ్చు. అయినా అడిగేది. నేను పక్కన తల వంచుకుని నిలబడేదాన్ని. ఆ తల ఇప్పటికీ పైకి లేవలేదు.