ఎవరిదీ కాని జాకెట్

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో నేను నా టైలరింగ్ షాపు మూసేయాలని నిర్ణయించుకున్నాను. అంతటితో ఊరుకోకుండా ఆ మాట సందంతా చాటాను. కడుపులో మాట దాచుకోవడం నాకు ఎప్పుడూ చేతకాదు. నిజానికి అప్పటికి నా చేతిలో వేరే ఉద్యోగం లేదు, ఉద్యోగం ఉందన్న కబురు మాత్రమే ఉంది.

షాపు కొత్తపేటలో, పండ్ల మార్కెట్ వెనక సందులో ఉండేది. అప్పటికింకా మార్కెట్ అక్కడే ఉంది. బత్తాయి లారీలు దిగిన రోజున సందంతా పుల్లటి వాసన వేసేది. మాది కిరాయికి తీసుకున్న చిన్న మల్గి, ఒకటే గది. అందులో తొక్కుడు మిషన్, గుడ్డ కత్తిరించే బల్ల, వెనకాల ఒక పరదా. ఆ పరదా చాటున ఆడవాళ్ళు జాకెట్ తొడుక్కుని చూసుకునేవాళ్ళు. ఫాల్స్, పికో కూడా చేసేదాన్ని గానీ, నన్ను వెతుక్కుంటూ వచ్చేది జాకెట్ కోసమే. నల్గొండ పక్క పల్లె నుంచి పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ నాకు ఇదే పని. మా ఆయన సిటీ బస్సు డ్రైవర్.

సమ్మెలోకి డ్రైవర్లు కూడా దిగారు. మా ఆయన పొద్దున్నే తల దువ్వుకుని, డ్యూటీకి పోయినట్టే డిపో ముందు శిబిరానికి పోయేవాడు. జీతం మాత్రం లేదు. నాకు ఉద్యమం మీద కోపం లేదు. నేనూ చౌరస్తాలో బతుకమ్మ ఆడాను, గొంతు పోయేదాకా పాడాను. కానీ బంద్ అన్నప్పుడల్లా షట్టర్ కిందికి లాగడం నాకు చచ్చేంత చిరాకు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు మూతపడ్డాయి, హాస్టళ్ళలో పిల్లలు ఊళ్ళకు పోయారు. నా దగ్గర కుట్టించుకునే టీచరమ్మలు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కూడా సమ్మెలోనే ఉన్నారు. జీతం రాని ఇంట్లో కొత్త చీర ఎవరు కొంటారు, కొత్త జాకెట్ ఎవరు కుట్టించుకుంటారు?

ఇంత తేలికైన సంగతి అప్పుడు నా బుర్రకెక్కలేదు. నా కుట్టే పాతబడిందనుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద రెడీమేడ్ జాకెట్ల షాపులు కొత్తగా వచ్చాయి. అద్దాల వెనక బొమ్మలకు తొడిగి పెట్టేవాళ్ళు. అటు పోయినప్పుడల్లా నిలబడి చూసేదాన్ని. బొమ్మ వీపు మీద ఒక్క ముడత ఉండేది కాదు. లోపల్లోపల కుళ్ళుకుని ఇంటికొచ్చేదాన్ని. బొమ్మ చెయ్యెత్తదు, వంగదు, దానికి ముడత ఎందుకు పడుతుందన్న ఆలోచనే రాలేదు. ఇక నా దగ్గరికి వచ్చిన ఒకరిద్దరిని “బాగుందా? నిజం చెప్పు, చంకల కాడ పట్టేస్తలేదు కదా?” అని పీక్కుతినేదాన్ని. ఒకామె విసుక్కుంది కూడా. “అక్కా, కుట్టిన నువ్వే అనుమానపడ్తుంటే నాకేం తెలుస్తది?” అంది. అన్నందుకు ఆమె మీద కోపం వచ్చింది, ఆ రాత్రి నిద్ర రాలేదు.

ఉద్యోగం కబురు తెచ్చింది పక్క బ్యూటీపార్లర్ ఆమె. ఎల్బీనగర్ రింగు రోడ్డు దగ్గర రెడీమేడ్ జాకెట్లు కుట్టే యూనిట్ ఉందని, చెయ్యి తిరిగిన టైలర్లను టెస్ట్ పెట్టి తీసుకుంటున్నారని, బంద్ ఉన్నా లేకున్నా నెల తిరిగేసరికి జీతం ఇస్తారని చెప్పింది. ఆ చివరి మాట విన్నాక నాకు వేరే ఏదీ వినపడలేదు. ఆ సాయంత్రమే మల్గి ఓనర్ ఇంటికి పోయి, నెలాఖరుకు ఖాళీ చేస్తున్నానని చెప్పేసి వచ్చాను.

మా ఆయన నెత్తి పట్టుకున్నాడు.

“ఇంక టెస్టే కాలేదు. మల్గి ఇడిచిపెడ్తనని ఎట్ల చెప్పొచ్చినవే?”

“జాకెట్ కుట్టుడు నాకు కొత్తనా? అండ్ల టెస్ట్ ఏముంటది?” అన్నాను.

టెస్టు రోజు బంద్. మా ఆయన నన్ను బండి మీద యూనిట్ దగ్గర దింపి శిబిరానికి పోయాడు. కింద షట్టర్ మూసి ఉంది. పక్క మెట్ల మీదుగా పైకి పోతే హాలు నిండా మిషన్ల చప్పుడు. వరసల్లో ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు, ఒకరు చేతులే కుడుతున్నారు, ఒకరు మెడలే కుడుతున్నారు. మేనేజర్ కోస్తా వైపు నుంచి వచ్చిన ఆవిడ, నా ఈడుదే. మర్యాదగా కుర్చీ వేసి, ఒక గుడ్డ, ఒక కాగితం నా ముందు పెట్టింది.

“ముప్పై ఆరు సైజండీ. కొలతలన్నీ ఇందులో ఉన్నాయి. ఒకటి కుట్టి చూపించండి.”

నేను అటూ ఇటూ చూశాను. “కొలత జాకెట్ ఏది మేడమ్?”

“ఆది జాకెట్టా? అలాంటివి ఉండవండీ ఇక్కడ. సైజే.”

“అంటే ఇది ఎవరికి?”

“ఎవరికీ కాదండీ. ముప్పై ఆరు సరిపోయేవాళ్ళు ఎవరైనా కొనుక్కుంటారు.”

నాకు చేతులాడలేదు. మా దగ్గర జాకెట్ కుట్టించుకునే ఆడది గుడ్డతో పాటు తనకు బాగా కుదిరిన పాత జాకెట్ ఒకటి తెచ్చి ఇస్తుంది. దాన్ని ముందేసుకుంటే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. ఏ హుక్కు దగ్గర గుడ్డ లాగుతోంది, ఏ చంక కింద అరిగింది అన్నీ కనపడతాయి. ఇక్కడ కాగితం మీద అంకెలున్నాయి తప్ప మనిషి లేదు. కాసేపు గుడ్డను అటు మడిచి ఇటు మడిచి కూర్చున్నాను. చివరికి ఇట్లా లాభం లేదని, ఆ సైజుకు దగ్గరగా ఉండే మా వదినను మనసులో నిలబెట్టుకున్నాను. ఇక చెయ్యి ఆగలేదు, చకచకా కుట్టేశాను.

మేనేజర్ దాన్ని బొమ్మకు తొడిగింది. ముందుకు చూసింది, వెనక్కి చూసింది, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది.

“ఈ కుడి భుజం కిందికి ఉందేంటండీ?”

చూద్దును కదా, నిజమే. “మా వదినకు అంతే మేడమ్. కూరగాయల గంప మోసి మోసి ఆ భుజం కిందికి జారింది” అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మిషన్ల దగ్గర పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండింది, అదీ నా మీదే.

ఆవిడ నవ్వలేదు. జాకెట్ విప్పి లోపలి వైపు తిప్పింది. రెండు పక్కలా బొటనవేలు వెడల్పున గుడ్డ వదిలి, వరసగా మూడు కుట్లు వేసి ఉన్నాయి. మా దగ్గర ఎవరైనా అట్లాగే కుడతారు. మనిషి ఒళ్ళు చేస్తే లోపలి కుట్టు ఒకటి విప్పుకుంటుంది, ఇంకా ఒళ్ళు చేస్తే ఇంకొకటి విప్పుకుంటుంది. ఆవిడ ఇంకో గుడ్డ ఇచ్చి, లోపల ఏమీ వదలకుండా కుట్టమంది. కుట్టాను. తిప్పి చూస్తే మళ్ళీ అంతే గుడ్డ వదిలి ఉంది. కత్తెర చేతిలోకి తీసుకుంటే చాలు, నా చెయ్యి తన దారిన తాను పోతోంది.

టీ తెప్పించి ఇచ్చింది. తాగుతుంటే చెప్పింది.

“మీ పని బాలేదని నేననను. కానీ ఇంతింత గుడ్డ లోపల వదిలితే మాకు గిట్టదండీ. పైగా మీరు ఎవరో ఒకరు కళ్ళ ముందు లేకపోతే కుట్టలేరు. ఇక్కడ పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ఎవరికీ కాని జాకెట్లే. వారం తిరక్కుండా మీకు పిచ్చెక్కుతుంది. ఏమీ అనుకోకండి, వద్దు.”

ఆవిడ న్యాయంగానే మాట్లాడింది. అందుకే నాకు ఎక్కువ మండింది. ఒక్క మాట వంకరగా అన్నా తిట్టుకుంటూ పోయేదాన్ని.

ఆటోలు లేవు. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి కొత్తపేట దాకా నడిచాను. రోడ్డు ఖాళీగా ఉంది, మధ్యలో ఒకచోట టైరు కాలి నల్లగా మచ్చ పడి ఉంది. నడిచినంతసేపూ ఆవిడతో మనసులో కొట్లాడుతూనే ఉన్నాను. గుడ్డ వదలకపోతే ఎట్లా? బాలింత ఏం చెయ్యాలి? ఆపరేషన్ అయి చిక్కిపోయిన మనిషి మళ్ళీ కోలుకుంటే ఏం చెయ్యాలి? మీ జాకెట్ పిగిలిపోతే ఎవరి దగ్గరికి తీసుకుపోవాలి? ఇట్లా అడుగుతూ పోతూ, ఇద్దరికీ నేనే జవాబులు చెప్పుకుంటూ పోతూ, ఒకచోట ఆగాను. ఈ సమ్మె మొదలైనప్పటి నుంచీ నా దగ్గరికి వచ్చినవన్నీ పాత జాకెట్లే. కొత్తది కుట్టించుకునే స్తోమత లేక, పోయినేటి జాకెట్నే కాస్త వదులు చేసిపెట్టమని తెచ్చేవాళ్ళు. కొత్త పని లేదని ఏడ్చుకుంటూ ఆ కుట్లు విప్పేదాన్ని. అవి వదులవుతున్నాయంటే అందులో గుడ్డ పెట్టింది ఎవరని ఒక్కసారైనా అనుకోలేదు. ఆ ఆడవాళ్ళు నన్ను వదిలిపెట్టి పోలేదు. వాళ్ళ చేతిలో డబ్బుల్లేవు, అంతే. బంద్ వల్ల తగ్గిన గిరాకీని నేను తెచ్చి నా చేతిపని తప్పుగా వేసుకున్నాను.

సంతోషం అనను గానీ ఒక దిగులు తీరింది. వెంటనే ఇంకో దిగులు పట్టుకుంది. మల్గి నాది కాకుండా పోతోంది, అదీ నా నోటితోనే.

ఇంటికి పోకుండా నేరుగా ఓనర్ ఇంటికి పోయాను. ఆ చుట్టుపక్కల సందులన్నీ ఒకప్పుడు వాళ్ళ పొలాలే. పెద్దాయన, నేను కాకా అంటాను, గేటు లోపల కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నాడు.

“కాకా, మల్గి ఖాళీ చేస్తలేను” అన్నాను.

ఆయన పేపర్ దించాడు. “అదేంది బిడ్డా? మా చెల్లె కొడుకు మొబైల్ రీఛార్జ్ పెడ్తనంటే సరే అన్న. జాబ్ ఒచ్చిందంటివి గద?”

నచ్చక నేనే వద్దన్నానని చెబుదామనుకున్నాను. మాట నాలుక దాకా వచ్చింది. “రాలేదు. ఒద్దన్నరు” అన్నాను.

“అయ్యో” అన్నాడు. మంచివాడు, నిజంగానే బాధపడ్డాడు. ఒక దారి కూడా చెప్పాడు. “గట్లయితే ఒక పని చేద్దాం. ముంగట సగం వాడు పెట్టుకుంటడు, ఎన్కాల సగం నువ్వు ఉండు. కిరాయి గూడ సగమే ఇయ్యి.”

ముందు రోజు ఆ మాట అని ఉంటే కాళ్ళకు దండం పెట్టేదాన్ని. ఇప్పుడు నాకు ముందర కౌంటర్ దగ్గర గుంపుగా నిలబడే మగపిల్లలు కనపడ్డారు. వాళ్ళను దాటుకుని వెనక పరదా దాకా వచ్చి జాకెట్ తొడుక్కుని చూసుకునే ఆడది ఎవరు?

“సగం ఒద్దు కాకా. నాకు మొత్తం కావాలె.”

“గిరాకి లేదని నువ్వే మొత్తుకుంటివి. మొత్తం మల్గి ఏం జేసుకుంటవ్?”

“గిరాకి ఎటు పోలేదు కాకా. సమ్మె ఉన్నది, గంతే. నేను రెండు ఒకటే అనుకున్న.”

“సమ్మె ఎప్పుడైపోతదో ఎవరికెరుక?”

“ఎవరికీ ఎరుక లేదు. నా పని నాకెరుక” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇన్నేళ్ళుగా ఆయన ముందు నేను కిరాయి గురించి నసిగిందే తప్ప ఇట్లా మాట్లాడింది లేదు.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “మరి మా వానికి ఏం చెప్పాలె?”

“నంబర్ ఇయ్యి, నేనే చెప్తా.”

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. అవతల ఆ అబ్బాయి గింజుకున్నాడు, మామ మాట ఇచ్చాడన్నాడు. మీ మామ మాట ఇచ్చింది నేను పోతానన్నందుకు, ఇప్పుడు నేను పోవడం లేదని చెప్పాను. మెయిన్ రోడ్డు మీదైతే నీకు గిరాకీ ఇంతకు పదింతలు ఉంటుందని కూడా చెప్పాను. అది అబద్ధమేమీ కాదు. పెద్దాయన చివరికి “కిరాయి మాత్రం ఆగొద్దు మరి” అని పేపర్ ఎత్తుకున్నాడు. ఆగదన్నాను. ఎట్లా ఆగదో నాకూ తెలియదు.

మా ఆయన శిబిరం నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది. జరిగింది చెప్పాను. భుజం సంగతి చెప్పినప్పుడు నవ్వాడు, ఆ తర్వాత ముఖం పాలిపోయింది. నా జీతం మీద ఆయన ఎంత ఆశ పెట్టుకున్నాడో అప్పుడు తెలిసింది.

“నాకు జీతం లేదు, నీకూ లేకపోతే ఎట్లనే? ఇంకో కాడ అడుగుదాం.”

“అడగను” అన్నాను. “నువ్వు తోలకుంటే బస్సు కదలదన్న ధీమాతోనే గద శిబిరంల కూసున్నవ్? నాకు గూడ గసొంటి ధీమా ఒకటి ఉండనియ్యి.”

ఆయన “తిందాం పా” అని లేచాడు. ఆ నెల ఇల్లు ఎట్లా గడిచిందో నాకే తెలుసు. పచ్చిపులుసు, అన్నం, అంతే. అయినా ఆయన ఆ ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున షాపు తెరిచాను. ముందుగా వచ్చింది సందు చివర ఉండే అంగన్‌వాడీ టీచరమ్మ. చెల్లెలి పెళ్ళట, తప్పదు కాబట్టి ఒక్క జాకెట్ గుడ్డ పట్టుకొచ్చింది. గడపలోనే ఆగి లోపలికి తొంగిచూసింది.

“ఉన్నవా అక్కా? నీకు పెద్ద జాబ్ ఒచ్చింది, దుకాన్ ఎత్తేస్తున్నవన్నరు?”

పక్క పార్లర్‌లో మాటలు ఆగిపోయాయి. అందరూ వింటున్నారని నాకు తెలుసు.

“రాలేదు” అన్నాను, కొంచెం గట్టిగానే. “టెస్ట్ పెట్టిన్రు, ఫెయిలైన.”

ఆమె ముఖం చిన్నబోయింది. నన్ను ఎట్లా ఓదార్చాలో తెలియక గుడ్డ సంచిని నలుపుతూ నిలబడింది. నేను చెయ్యి చాపి ఆ సంచి అందుకున్నాను. లోపలున్న పాత జాకెట్ తీసి బల్ల మీద పరిచాను.

“చేతులు దీనంతే పెట్టాల్నా, జర పొడుగు పెట్టాల్నా?” అని అడిగాను.