ఊపిరి మీద నా ఉపన్యాసం

వాన కర్ణాటకలోని మా పావగడ వైపు మొహం చాటేసిన ఆ రోజుల్లో, పదో తరగతి దాటి పీయూసీ సైన్సు చదివేవాడంటే మా ఊళ్లో సగం డాక్టరు కింద లెక్క. (మిగతా సగం నేనే కలిపేసుకున్నాను.) పుస్తకం ఇంగ్లీషులో, లెక్చరరు వివరణ కన్నడలో, ఇంట్లో మాటలు తెలుగులో, మూడింటి మధ్య నా తలకెక్కింది ఒకే ఒక్క ముక్క. ఊపిరిని నడిపేది మెదడు అడుగున ఉండే మెడుల్లా. దాన్ని పట్టుకుని ఊరంతా ఊరేగేవాడిని.

ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగకముందే ఎండిపోయింది. గొర్రెలన్నీ మేత లేక సంతకు పోగా, మా అవ్వకు మిగిలింది ఒక్క సూడిగొర్రె. అది ఈనితే మళ్లీ మంద కట్టొచ్చని అవ్వ ఆశ. ఒక ఉదయం ఈనింది. పిల్ల కదల్లేదు, ఊపిరి తీయలేదు. అవ్వ దాని మూతి మీది జిగురు తుడిచి, ముక్కులో గడ్డిపోచ ఆడించి, గోనెపట్టాతో వెన్ను గరగరా రుద్దడం మొదలుపెట్టింది.

సైన్సు చదివిన ప్రాణం ఊరుకుంటుందా! అవ్వ చెయ్యి పట్టుకుని ఆపేశాను. వెన్నుకూ ఊపిరికీ సంబంధమే లేదని, అంతా తలలోనే ఉందని చెప్పి, పుల్లతో నేల మీద మెదడు బొమ్మ గీశాను. పైగా మెడుల్లాను నిద్ర లేపుదామని పిల్ల నెత్తిన వేలితో టకటకా కొట్టాను. పిల్ల నాలుక నీలంగా మారుతోంది. నేనింకా బొమ్మలో భాగాలు గుర్తిస్తున్నాను.

అవ్వ అరవలేదు. "నీ పాఠం అయ్యేదాకా అది ఊపిరి బిగబట్టుకోని ఉంటాదా? పక్కకు జరుగప్పా" అని భుజం మీద ఒక్క తోపు తోసింది. పోయి నా మెదడు బొమ్మ మీదే కూలబడ్డాను. అవ్వ పిల్లను వెనక్కాళ్లు పట్టి ఊపి, మళ్లీ మెడ నుంచి నడుము దాకా రుద్దింది. పిల్ల తుమ్మింది. తరువాత అరిచింది. అవ్వ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ పిల్లకు అవ్వ 'మేష్ట్రు' అని పేరు పెట్టింది. (అది ఆడపిల్ల.)

నేను నిజంగానే మేష్టరునయ్యాక ఎప్పుడో చదివాను. మెదడు హుకుం ఇచ్చినా, దాన్ని ఊపిరి కండరాలకు అందించి, ఎంత బలంగా పీల్చాలో సర్దే పనిలో వెన్నుపాములోని నాడీకణాలకూ వాటా ఉందట, గొర్రెకైనా మనిషికైనా. (అవ్వ ఆ కణాల కోసమేమీ రుద్దలేదు. రుద్దితే పిల్ల బతుకుతుందని రుద్దింది.) తప్పు ఒప్పుకుందామంటే అవ్వ లేదు. ఇప్పుడా పాఠం వచ్చిన ప్రతిసారీ బోర్డు మీద బొమ్మ గీసి, భాగాలు గుర్తించే ముందు ఒక్కసారి వెనక్కి తిరిగి, పిల్లలందరూ ఊపిరి తీస్తున్నారో లేదో చూసుకుంటాను.